15 నెలల నర్సింగ్ కోర్సుకి నాకు మూడేళ్ళు పట్టింది

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈసారి డల్లాస్‌లో మా వంటింటి నుంచి కాదు, తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల కనిపించేది మన కొండే. పొద్దున ఆరున్నర అయింది, ఎండ ఇంకా ఎక్కలేదు. పక్కన కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నది మా చిన్నమ్మ. ముఖం చూపించకూడదని ముందే షరతు పెట్టింది కాబట్టి మీకు చేతులు మాత్రమే కనిపిస్తాయి. ముప్పై ఏళ్ళకు పైగా స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయింది. ఈ వీడియోలో సగం మాటలు ఆమెవే.

కోర్సు అయిపోయింది. లైసెన్సు కోసం రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షకి ఇంకా ఐదు వారాలుంది. మధ్యలో మూడు వారాలు ఇంటికొచ్చాను, పుస్తకాలతో సహా. సూట్‌కేసు తెరవగానే అమ్మ, "ఇవన్నీ తిరిగి మోసుకుపోతే ఇంక ఊరగాయ ఎక్కడ పెడతావు?" అంది.

ఇంతకీ ఈ కోర్సేంటో తెలియనివాళ్ళకి ఒక మాట. అమెరికాలో బీఎస్సీ నర్సింగ్ మామూలుగా నాలుగేళ్ళు. ఇంతకుముందే ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్ళకి అదే చదువుని 12 నుంచి 18 నెలల్లోకి కుదించి చెప్పేదే యాక్సిలరేటెడ్ కోర్సు. మాది 15 నెలలు. సెలవులు దాదాపు ఉండవు. చివర్లో రాసేది మాత్రం నాలుగేళ్ళు చదివినవాళ్ళు రాసే అదే ఎన్‌క్లెక్స్.

మా నాయనకి ఫోన్‌లో ఇది చెప్తే ఒక్క క్షణం ఆలోచించి, "అంటే వాళ్ళు అలిపిరి దారిలో పోతా ఉంటే, నువ్వు శ్రీవారి మెట్టు దారిలో పోతా ఉండావు" అన్నాడు. తిరుమల కొండకి అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. దూరం బాగా తక్కువ, కానీ నిట్టనిలువు. అలిపిరిలో మాదిరి నడుమ నడుమ చదును దారి వస్తుంది, కాళ్ళు చాపుకుందాం అనుకోవడానికి లేదు. మా కాలేజీ వాళ్ళు ఓరియంటేషన్‌లో గంటన్నర చెప్పిన విషయాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

అయితే నాయన చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. అలిపిరి ఊరి అంచునే ఉంది. శ్రీవారి మెట్టుకి పోవాలంటే ముందు శ్రీనివాస మంగాపురం దాటి అంత దూరం బండిలో పోవాలి. మొదటి మెట్టు దగ్గరికి చేరడమే ఒక ప్రయాణం. ప్రకటనల్లో '15 నెలల్లో నర్సు' అని పెద్ద అక్షరాలతో రాస్తారు, ఆ బండి ప్రయాణం సంగతి మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాకు అదే ఏడాదిన్నరకు పైగా పట్టింది.

నేను ఇక్కడే బీఎస్సీ మైక్రోబయాలజీ చేశాను. 2014లో పెళ్ళై డల్లాస్ వెళ్ళాను. డిగ్రీ ఉంది కదా, సైన్సే కదా, నేరుగా సీటు వచ్చేస్తుందనుకున్నాను. అక్కడ అడ్వైజర్ నా మార్కుల జాబితా చూసి చాలా మర్యాదగా, అందులో పనికొచ్చేది దాదాపు ఏమీ లేదని చెప్పింది. ఎందుకంటే ముందుగా పూర్తి చేయాల్సిన సబ్జెక్టులు కొన్ని ఉంటాయి: అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, మనిషి ఎదుగుదల గురించిన సైకాలజీ. కాలేజీని బట్టి ఒకటి అటూ ఇటూ అవుతుంది. సైన్సు సబ్జెక్టులు చదివి ఐదేళ్ళో ఏడేళ్ళో దాటితే చాలాచోట్ల చెల్లవు. మైక్రోబయాలజీలో డిగ్రీ ఉన్న నేను కమ్యూనిటీ కాలేజీలో కూర్చుని మళ్ళీ బ్యాక్టీరియాకి రంగు వేసి చూసే గ్రామ్ స్టెయిన్ చేశాను. పక్కన 19 ఏళ్ళ పిల్ల "నీకు ఇవన్నీ ఎలా తెలుసు?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నవ్వాను.

డిగ్రీ ఉందని రుజువు చేయడానికి ఇక్కడి యూనివర్సిటీ నుంచి మార్కుల వివరాలు సీలు వేసిన కవర్లో, నేరుగా అక్కడి మూల్యాంకన సంస్థకి వెళ్ళాలి. మన చేతికిస్తే చెల్లదు. ఆ పని మీద నాయన స్కూటర్ వేసుకుని నాలుగు సార్లు తిరిగాడు. మూడోసారి సంతకం ఉంది, సీలు లేదు. దానికి నెలన్నర. మీరు వెళ్ళాలనుకుంటే ముందు ఈ పని మొదలుపెట్టండి, మిగతావన్నీ తర్వాత.

టీస్ అని ఒక ప్రవేశ పరీక్ష ఉంటుంది. 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. రీడింగ్, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. మనవాళ్ళకి లెక్కల భయం ఉండదు కాబట్టి ఇక్కడ ఆగను. ఒక్క హెచ్చరిక: భిన్నాలు, శాతాలు కాలిక్యులేటర్ లేకుండా చేతితో వచ్చేలా చూసుకోండి. పరీక్షకి కాదు, తర్వాత పనికొస్తుంది.

వీసా గురించి అందరూ అడుగుతారు. హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద ఉన్నవాళ్ళు వీసా మార్చుకోకుండానే చదువుకోవచ్చు. ఉద్యోగం చేయాలంటే వర్క్ పర్మిట్ కావాలి, దానికి మామూలుగా భర్తదో భార్యదో ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు, అప్రూవ్ అయి ఉండాలి. ఆ వెసులుబాటు 2015లో వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వ విద్యా రుణాలు మాత్రం మన వీసాల వాళ్ళకి రావు. కాబట్టి ఫీజు సంగతి ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి, సీటు వచ్చాక కాదు. కాలేజీకి నర్సింగ్ కోర్సులని పరిశీలించే సీసీఎన్‌ఈ గానీ ఏసీఈఎన్ గానీ ఇచ్చిన గుర్తింపు ఉందో లేదో, అక్కడి పిల్లలు ఎన్‌క్లెక్స్‌లో మొదటిసారే ఎంతమంది పాసవుతున్నారో చూసుకోండి. బిల్డింగు అందంగా ఉందని చేరకండి. నేను దాదాపు ఆ పనే చేయబోయాను.

సీటొచ్చాక టీకాల కాగితాలు. ఇక్కడ ఒక తమాషా జరిగింది. క్షయ ఉందో లేదో చూడటానికి చేతి చర్మంలోకి చిన్న సూది మందు వేస్తారు. రెండు రోజులకి నాకు అక్కడ ఉబ్బింది. వాళ్ళ కంగారు చూడాలి! నా ఎడమ భుజం మీద బీసీజీ, అంటే క్షయ రాకుండా వేసే టీకా, మచ్చ చూపించాను. అమెరికాలో పిల్లలందరికీ బీసీజీ వేయరు కాబట్టి ఆ మచ్చ ఏంటో క్లాసులో సగం మందికి తెలియదు. టీకా వేసుకున్నవాళ్ళకి చర్మ పరీక్ష అలా తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. దీనికే రక్త పరీక్ష వేరే ఉంది, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు. మీరు మొదటే ఆ రక్త పరీక్ష అడగండి. ఆ రాత్రి చిన్నమ్మకి చెప్తే పకపకా నవ్వి, "మదనపల్లె పక్కన పుట్టినదాన్ని పట్టుకుని టీబీ అంటారా!" అంది. అమ్మ, చిన్నమ్మల పుట్టిల్లు ఆ వైపే, నేను పుట్టిందీ అక్కడే. మన దేశంలో 1948లో బీసీజీ టీకాలు మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానటోరియం పేరు మన పెద్దవాళ్ళందరికీ తెలుసు.

ఇంక కోర్సు. మొదటి వారంలోనే మందుల లెక్కల పరీక్ష పెట్టారు. 20 ప్రశ్నలు, 90 శాతం రావాలి. అంటే రెండు తప్పులకి మించితే ఫెయిలు. మూడుసార్లు ఫెయిలైతే ఇంటికే. నాకు ధైర్యం ఎక్కువ, ఎందుకంటే సెలైన్ చుక్కల లెక్క చిన్నమ్మ వీడియో కాల్‌లో నేర్పించింది. ఒక లీటరు ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి 42 చుక్కలు. ఆమె ఆ లెక్క వేయదు, ఆమెకి అది ఎక్కం మాదిరి నోటికొచ్చు. పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. పేపరు పూర్తిగా చదవకుండా 42 అని రాసి వచ్చేశాను.

తప్పు. మన ఆసుపత్రుల్లో మామూలుగా వాడే సెలైన్ గొట్టం సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. ఆ ప్రశ్నలో ఇచ్చిన సెట్‌లో 15 చుక్కలకే ఒక మిల్లీలీటరు. అంటే 31 రావాలి. ఇంకో రెండు తప్పులు మరీ సిగ్గుచేటు. జవాబు 2 అయితే నేను 2.0 అని నీటుగా రాశాను. స్కూల్లో అలా రాస్తే మార్కులేసేవాళ్ళు. అక్కడ ఆ సున్నా పెట్టకూడదు. చుక్క సరిగా కనపడకపోతే 2 కాస్తా 20 అయిపోతుంది, మనిషికి పదింతల మందు పోతుంది. అదే సగం అయితే .5 అని రాయకూడదు, ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలి. 17 వచ్చాయి. 85 శాతం. ఫెయిల్.

చిన్నమ్మకి ఫోన్ చేసి, "నీ 42 నన్ను ముంచింది" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "సెట్ చూడకుండా చుక్కలు లెక్కపెట్టమని నేను ఎప్పుడు చెప్పాను మే?" అంది. రెండోసారి 20కి 20.

మందుల పేర్లు ఇంకో తలనొప్పి. మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్, సాల్బుటమాల్ అల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లలకి ఇంటిపేరు మారినట్టు మందులకి కూడా మారిపోయింది. నేను అక్కడి పేరు చెప్పడం, చిన్నమ్మ ఇక్కడి పేరు చెప్పడం, అలా ఇద్దరం చాలా రాత్రులు ఆడుకున్నాం. నాకు రాత్రి తొమ్మిది, ఆమెకి మర్నాడు పొద్దున ఏడున్నర. ఆమె కాఫీ తాగుతూ, నేను ఆవలిస్తూ.

మా కాలేజీలో పాస్ మార్కు 78. 77.9 వచ్చినా ఫెయిలే, పైకి లాగరు. మెడ్‌సర్జ్, అంటే పెద్దవాళ్ళ జబ్బులు, ఆపరేషన్లకి సంబంధించిన నర్సింగ్, మొదటి పరీక్షలో నాకు 71 వచ్చింది. పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చాను, ఇందులో దాచేదేముంది. చదవక కాదు, చదివే పద్ధతే తప్పు. బట్టీ పడితే మన దగ్గర నడిచింది. అక్కడ నాలుగు జవాబులూ నిజాలే ఉంటాయి. నలుగురు పేషెంట్లు ఉన్నారు, ముందు ఎవరి దగ్గరికి పోతావు? ఇదీ ప్రశ్న. నేను నొప్పితో అరుస్తున్న మనిషిని ఎంచుకున్నాను. అది తప్పు.

ఆ ప్రశ్నని తెలుగు చేసి చిన్నమ్మకి వినిపించాను. ఒకాయన ఆపరేషన్ నొప్పితో అరుస్తున్నాడు. ఒకామె గంటనుంచి బెల్లు కొడుతోంది. ఒకాయన ఇంటికి పోతానని గొడవ చేస్తున్నాడు. ఇంకొకాయన పొద్దున బాగా మాట్లాడాడు, ఇప్పుడు మత్తుగా ఉన్నాడు. చిన్నమ్మ ఆలోచించనుకూడా లేదు. "ఆ మత్తుగా ఉండే ఆయన దగ్గరికి పో. అరిచేవాడికి ఊపిరి ఉండాది కదా, వాడు ఆగుతాడు." పుస్తకంలో అదే ముందు శ్వాసనాళం, తర్వాత ఊపిరి, తర్వాత రక్తప్రసరణ అని మూడు పేజీలు రాశారు. ఆ రోజు నుంచి ప్రతి అధ్యాయం చదివాక పేజీ మూసి, వార్డులో నేనొక్కదాన్నే ఉంటే ముందు ఏం చేస్తాను అని నాకు నేనే చెప్పుకోవడం మొదలుపెట్టాను. తర్వాతి పరీక్షలో 83. సరైనవన్నీ ఎంచుకోమనే ప్రశ్నలు కూడా అక్కడి నుంచే దారికొచ్చాయి. 2023 ఏప్రిల్‌లో మారిన ఎన్‌క్లెక్స్‌లో వాటికి కొంత సరైతే కొంత మార్కు ఇస్తున్నారు. అంతకుముందు అన్నీ సరైతేనే మార్కు.

క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ, గురించి వివరంగా చెప్పలేను. పేషెంట్ల విషయం బయట మాట్లాడకూడదని అక్కడ గట్టి చట్టమే ఉంది. నా గురించి చెప్పుకోవచ్చు కాబట్టి చెప్తున్నాను: తెల్లవారుజామున నాలుగున్నరకి లేచేదాన్ని. ఇన్సులిన్ సిరంజి పట్టుకున్న మొదటి రోజు పేషెంటుకన్నా నా చెయ్యే ఎక్కువ వణికింది. ముసలివాళ్ళకి ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం మాత్రం నాకు కొత్త అనిపించలేదు. మా అవ్వకి చివరి ఏడాది ఇంట్లో చేశాం కదా.

ఇల్లు ఎలా నడిచింది అంటే, నడవలేదు, ఈడ్చుకుంటూ వచ్చింది. ఆదివారం వారానికంతా పప్పుచారు, కూరలు చేసి పెట్టేదాన్ని. బుధవారానికి అయిపోయేవి. గురువారం మా ఆయన పులిహోర. ఎన్ని గురువారాలో లెక్కలేదు, బాబు ఇప్పుడు పులిహోర చూస్తే లేచి పోతున్నాడు. ఒక ఆరు నెలలు అమ్మ వచ్చి ఉంది, ఆ ఆరు నెలలే మా ఇంట్లో వేడి అన్నం కనపడింది. బాబు స్కూల్లో 'మా అమ్మ' అని బొమ్మ వేయమంటే ల్యాప్‌టాప్ ముందు తల వాల్చి నిద్రపోతున్న ఆడమనిషిని వేశాడు. ఫ్రిజ్ మీద ఇంకా అతికించే ఉంది.

అమ్మ సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. ఇక్కడ చుట్టాలకి అమ్మ "మెడికల్ లైన్‌లో చదువుతా ఉంది" అని చెప్పింది. నర్సు అనే మాట నోటికి రాలేదు. పక్కనే చెల్లెలు ముప్పై ఏళ్ళు అదే పని చేసి ఇంటికి జీతం తెచ్చినా సరే. మొన్న గేటు దగ్గర ఎవరో అడిగితే మళ్ళీ "మెడికల్ లైన్" అనే అంది. చిన్నమ్మ మెట్ల మీద నుంచి విని నా వైపు చూసి కన్ను కొట్టింది. కోవిడ్ అప్పుడు, 2020లో, ఆమె వార్డు డ్యూటీ చేసి వచ్చి మిద్దె మీద గదిలో ఒక్కతే పడుకునేది. ఇదే గది, నా వెనకాల తలుపు. ఫోన్‌లో ఆమె గొంతు విని నేను కోర్సు వివరాలు వెతకడం మొదలుపెట్టింది అప్పుడే. అమ్మకి ఈ సంగతి తెలియదు. ఇప్పుడు వీడియో చూస్తే తెలుస్తుంది.

రేపు పొద్దున్నే శ్రీవారి మెట్టు ఎక్కుతున్నాం. మొక్కు ఉంది. చిన్నమ్మ కూడా వస్తానంటోంది, మోకాళ్ళు ఎలా ఉన్నా. ముందు బీపీ చూస్తాను, 150 దాటితే అలిపిరి నుంచి బస్సే అని బేరం పెట్టుకున్నాం. ఆమె పాత పాదరసం మిషను తెచ్చింది, చూడండి, పెట్టె తాళం ఇంకా పనిచేస్తోంది. ఇదిగో, కడుతున్నాను.

"మోచేతికి రెండు వేళ్ళు పైకి కట్టు. అంత కిందకి కాదు."

కట్టాను చిన్నమ్మా.

"చెయ్యి కింద ఆ దిండు పెట్టు. ఇంకా మాట్లాడతా ఉండావేంది? బీపీ చూసేటప్పుడు ఎవురూ మాట్లాడకూడదని నేర్పలేదా మీ కాలేజీలో? ఆ ఫోను ఆపు ముందు."