చెపాక్‌లో మొదటి నెల
(మద్రాసు యూనివర్సిటీలో చేరిన తెలుగు విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీరు చేరిన యూనివర్సిటీ 1857లో పుట్టింది. రోడ్డు దాటితే మెరీనా. ఇటు పాతదనం, అటు ఉప్పుగాలి. రెండూ మీ రోజువారీ పనుల్లో తగులుతూనే ఉంటాయి. చిషోమ్ కట్టిన సెనేట్ హౌస్ దగ్గర ఫొటోలు ఎలాగూ దిగుతారు, దాని జోలికి నేను వెళ్లను.

ముందు కాగితాల గొడవ. మన పేరు ముందుండే అక్షరం ఇంటిపేరుది. ఇక్కడ ఇనిషియల్ అంటే తండ్రి పేరులో మొదటి అక్షరం. ఫారంలో నాన్నగారి పేరు ఒకటి, ఇనిషియల్ ఇంకొకటి కనబడితే కౌంటర్‌లో వాళ్లకు అనుమానం వస్తుంది, ఫైలు ఆగుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఎలా ఉందో ప్రతి ఫారంలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. పొడి అక్షరాన్ని విడదీసి ఇంటిపేరు మొత్తం రాయాలని సరదాపడకండి. టీసీ, మైగ్రేషన్ ఒరిజినల్స్ చేతి నుంచి వెళ్లేముందే స్కాన్ చేసి పెట్టుకోండి.

ఇక లైబ్రరీ. ఇక్కడ కాస్త ఆగుదాం. లెక్కలు చెప్పే రంగనాథన్ గారు 1924లో ఈ యూనివర్సిటీకి మొదటి లైబ్రేరియన్ అయ్యారు. పుస్తకాలను విషయాన్ని బట్టి అరల్లో అమర్చే ఆయన కోలన్ పద్ధతి 1933లో అచ్చయింది. అందులో ప్రతి శాస్త్రానికీ ఒక అక్షరం: చరిత్రకు వి, ఆర్థికశాస్త్రానికి ఎక్స్, సాహిత్యానికి ఓ. వి44 అంటే భారతదేశ చరిత్ర. ఆ సంఖ్యను నలభై నాలుగు అని చదివారో, దారి తప్పినట్టే. నాలుగు, నాలుగు అని విడివిడిగా, దశాంశంలా చదవాలి. అందుకే 441 అనేది 44 తర్వాత, 45 కంటే ముందు వస్తుంది. 45 దాటాక ఎక్కడో ఉంటుందని వెతికి, పుస్తకం లేదని వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. అది ఆ అరలోనే ఉంటుంది.

తీసిన పుస్తకాన్ని మీరే తిరిగి అరలో దూర్చకండి, బల్ల మీదే వదిలేయండి. రెండు అరలు అటూ ఇటూ అయితే అది పోయినట్టే లెక్క, కేటలాగ్‌లో మాత్రం ఉన్నట్టే కనబడుతుంది. తీసేటప్పుడు వీపు పైఅంచును వేలితో లాగితే బైండింగ్ ఊడొస్తుంది. అటూ ఇటూ ఉన్న పుస్తకాలను కొంచెం లోపలికి నెట్టి, నడుము దగ్గర పట్టుకుని తీయండి. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటిది చెక్కగుజ్జు కాగితం. అందులోని ఆమ్లం, ఇక్కడి తేమ కలిసి దాన్ని అప్పడంలా పెళుసుగా చేస్తాయి. మూల మడిస్తే ముక్క చేతికొస్తుంది. జిరాక్స్ అద్దం మీద బోర్లించి నొక్కితే వీపు విరుగుతుంది. పుస్తకాన్ని సగమే తెరిచి, ఫ్లాష్ ఆపి, అనుమతి తీసుకుని ఫోన్‌తో తీసుకోండి. చిరిగిన చోట సెల్లోటేప్ వద్దే వద్దు. జిగురు పసుపెక్కి అక్షరాలను తినేస్తుంది.

గది సంగతి. ట్రిప్లికేన్ మేన్షన్లు, అంటే గదులు అద్దెకిచ్చే లాడ్జీల్లాంటివి, నడక దూరమే. అద్దె అడిగేటప్పుడే అడ్వాన్సు ఎంత, ఖాళీ చేస్తే అందులో ఎంత పట్టుకుంటారు, కరెంటు బిల్లు విడిగానా, కొళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయా అని తేల్చుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అసలు వానలు, పరీక్షలూ అప్పుడే తరుముకొస్తాయి. పుస్తకాలను గోడకు ఆనించి పేర్చకండి, నాలుగు వేళ్ల సందు వదలండి. గాలి ఆడకపోతే వారంలో బూజు.

రైల్లో రావాలంటే చెపాక్ స్టేషన్ ఉంది. రోజూ వచ్చేవాళ్లు సీజన్ టికెట్ రాయితీకి బోనఫైడ్ రాయించుకోండి.

మెస్ గురించి ఒక్క మాట. ఇక్కడ పచ్చడి అంటే పెరుగు కలిపినది. పచ్చడి అడిగారు, పెరుగుపచ్చడి వచ్చింది, సర్వర్ తప్పు కాదు. మన రోటిపచ్చడి లాంటిది కావాలంటే తొగయల్ ఉందా అని అడగండి.