లాకు తీసేది పడవలో మనిషి కాదు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల గురించి ఇప్పటికే చెప్పారు. మళ్లీ నేనూ మొదలుపెడితే మీ గంట అందులోనే పోతుంది. నేరుగా విషయానికొస్తానండి: కంప్యూటర్ లేకుండా, ఇంకో ఫోన్ సాయంతో ఫోన్‌లోని బూట్‌లోడర్ తాళం తీయడం.

మన డెల్టాలో ‘లాకు’ అన్న మాట ఎవరికీ వివరించక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, కాలవల మీద పడవలు తిరిగినంత కాలం ఈ లాకుల్లోంచే తిరిగాయి. లొల్ల లాకులు చూసినవాళ్లు ఈ హాల్లో సగం మందైనా ఉంటారు. పడవ వచ్చి రెండు తలుపుల మధ్య ఆగుతుంది. తలుపు తిప్పేది గట్టు మీదున్న లస్కరు. పడవలో ఎంత అనుభవమున్న సరంగు ఉన్నా, లోపల కూర్చుని ఆ తలుపు తీయలేడు.

ఫోన్‌లో బూట్‌లోడర్ సంగతీ ఇంతే. పవర్ బటన్ నొక్కగానే ఆండ్రాయిడ్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామ్ అది. రాబోయే సిస్టమ్ మీద కంపెనీ సంతకం ఉంటేనే ముందుకు వదులుతుంది. వేరే సిస్టమ్ ఎక్కించుకునేలా ఆ పట్టు సడలించడమే అన్‌లాక్. అందుకు ఫోన్‌ని ఫాస్ట్‌బూట్ మోడ్‌లో పెట్టాలి. ఆ మోడ్‌లో ఆండ్రాయిడ్ నడవదు, యాప్‌లూ నడవవు. కాబట్టి ఆజ్ఞ బయటినుంచి, కేబుల్ మీదుగా రావాలి. ‘ఒక్క నొక్కుతో బూట్‌లోడర్ అన్‌లాక్’ అని చెప్పుకునే యాప్‌ని అదే ఫోన్‌లో వేసుకుంటున్న తమ్ముళ్లూ, ఆ యాప్ పడవలో కూర్చుని ఉందయ్యా! అది లాకు తీయలేదు.

అలాగని గట్టు మీద కంప్యూటరే ఉండాలని ఎక్కడా లేదు. ‘ఇంట్లో కంప్యూటర్ లేదు, నీవల్ల కాదులే’ అని పిల్లల్ని వెనక్కి పంపేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్ ఆ పని చేస్తుంది. ఆ రెండో ఫోన్‌కి రూట్, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం, అక్కర్లేదు. ఓటీజీ, అంటే ఫోన్‌కి యూఎస్‌బీతో ఇంకో పరికరాన్ని తగిలించే సౌకర్యం, పనిచేస్తే చాలు.

వరసగా చెబుదామనుకున్నాను గానీ, ముందు కేబుల్ గురించి చెప్పాలి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మీ జేబులోనో సంచిలోనో కేబుల్ ఉంటే తీసి చూడండి. మామూలు యూఎస్‌బీ కేబుల్లో నాలుగు తీగలుంటాయి: ఎరుపు, నలుపు కరెంటుకి, ఆకుపచ్చ, తెలుపు డేటాకి. చవక ఛార్జింగ్ కేబుళ్లలో ఆ చివరి రెండూ ఉండవు. పైకి చూస్తే తేడా తెలియదు. అందుకని రెండు ఫోన్లూ మామూలుగా ఆన్‌లో ఉండగా ఓటీజీతో కలపండి. అన్‌లాక్ చేయాల్సిన ఫోన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అడిగే నోటిఫికేషన్ వస్తే కేబుల్ మంచిదే. ఛార్జింగ్ గుర్తు ఒక్కటే వస్తే ఆ కేబుల్ పక్కన పడేయండి. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ వద్దు, ఏ ఫోన్ యజమానో రెండిటికీ తేలక తికమక పడతాయి. ఆజ్ఞలిచ్చే ఫోన్‌కి ఓటీజీ అడాప్టర్, దానికి మామూలు డేటా కేబుల్ పెట్టండి. రియల్‌మీ, ఒప్పో, వన్‌ప్లస్‌లలో ఓటీజీని సెట్టింగ్స్‌లో విడిగా ఆన్ చేయాలి. పది నిమిషాలు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతుంది.

ఇక పని. అన్‌లాక్ చేయాల్సిన ఫోన్‌లో ‘అబౌట్ ఫోన్’కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ‘ఓఈఎం అన్‌లాకింగ్’ అన్న బటన్ ఆన్ చేయండి. ఓఈఎం అంటే ఫోన్ తయారుచేసిన కంపెనీ. అది బూడిద రంగులో ఉండి నొక్కుడు పడకపోతే ఇంటర్నెట్ కలిపి చూడండి.

రెండో ఫోన్‌లో ఈ ఆజ్ఞలు పంపే బగ్‌జేగర్ అనే యాప్ వేసుకోవచ్చు. ఆజ్ఞలు టైప్ చేసే యాప్ టెర్మక్స్ అలవాటున్నవాళ్లు అందులో టెర్మక్స్-ఏడీబీ వాడొచ్చు, కానీ టెర్మక్స్, దానికి తోడుండే టెర్మక్స్ ఏపీఐ రెండూ ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్‌ల దుకాణం నుంచే తెచ్చుకోవాలి. ఒకటి ఒకచోట, ఇంకోటి వేరేచోట తెస్తే సంతకాలు కలవవు.

రెండు ఫోన్లలోనూ ఛార్జింగ్ సగానికి పైగా ఉండాలి. అన్‌లాక్ చేయాల్సిన ఫోన్ ఆఫ్ చేసి, వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి పట్టుకుంటే చాలా మోడళ్లలో ఫాస్ట్‌బూట్ వస్తుంది. కేబుల్ గుచ్చగానే రెండో ఫోన్ యూఎస్‌బీ అనుమతి అడుగుతుంది, ఓకే అనండి. రెండో ఫోన్ నుంచి ‘ఫాస్ట్‌బూట్ డివైసెస్’ అన్న ఆజ్ఞ ఇస్తే మొదటి ఫోన్ సీరియల్ నంబర్ కనిపించాలి. ‘ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ గెట్ అన్‌లాక్ ఎబిలిటీ’కి 1 వస్తే దారి ఉన్నట్టు, 0 వస్తే ఆ ఓఈఎం బటన్ ఆన్ కాలేదన్నమాట.

ఇక్కడ ఆగండి. దయచేసి ఆగండి. తర్వాతి ఆజ్ఞతో ఫోన్ లోపలున్నదంతా పోతుంది. కొంత కాదండి, అంతా. దొంగ చేతిలో పడ్డ ఫోన్ తెరిచి లోపలివి చూడకుండా పెట్టిన కాపలా అది. వాట్సాప్ బ్యాకప్ ఫోన్‌లోనే ఉంటే అదీ పోతుంది. మన కోనసీమలో ఎన్ని ఇళ్లలో కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉన్న మనిషి గొంతు ఆ వాయిస్ మెసేజీల్లోనే ఉందో మీకు తెలుసు. కాపీ చేశారా? ఎస్‌డీ కార్డులోకో పెన్‌డ్రైవ్‌లోకో చేసి, ఒకటి రెండు ఫైళ్లు అక్కడినుంచి తెరిచి చూశారా? చూశాకే ‘ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్’ అని పంపండి. ఫోన్ తెర మీద హెచ్చరిక వస్తుంది. వాల్యూమ్ బటన్లతో ఎంచుకుని పవర్ నొక్కితే అయిపోయింది.

అన్ని కంపెనీలూ ఇంత సులువుగా వదలవు. మోటరోలాలో ‘ఫాస్ట్‌బూట్ ఓఈఎం గెట్ అన్‌లాక్ డేటా’ ఇచ్చిన వరసల్ని ఖాళీల్లేకుండా కలిపి కంపెనీ వెబ్‌సైట్లో పెడితే కోడ్ మెయిల్‌కి వస్తుంది. అదంతా ఫోన్ బ్రౌజర్లోనే అవుతుంది. షావోమీ ఇచ్చే సొంత సాధనం విండోస్‌కే. సిమ్ డేటాతో ఎకౌంటు జతచేశాక మోడల్‌ని బట్టి కొన్ని రోజులు ఆగాలి. మధ్యలో మళ్లీ జతచేస్తే లెక్క మొదటికొస్తుంది. విండోస్ లేకుండా చేస్తామనే స్క్రిప్టులున్నాయి గానీ, అవి మీ ఎకౌంటుతో లాగిన్ అడుగుతాయి. ఊరూపేరూ తెలియని స్క్రిప్టుకి పాస్‌వర్డ్ ఇచ్చేకంటే ఓ గంట ఎవరి కంప్యూటరైనా అడగడం మేలు. శామ్‌సంగ్ 2025లో వచ్చిన తన వన్ యూఐ 8 సిస్టమ్‌తో ఆ ఓఈఎం బటన్‌నే తీసేసింది. హువావే 2018లోనే అన్‌లాక్ కోడ్లు ఇవ్వడం ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాడికి తాళంచెవి ఇవ్వకపోవడం అన్యాయం, ఎన్ని సభల్లో అడిగినా అదే అంటాను.

అన్‌లాక్ అయ్యాక ఆన్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక తెర వస్తుంది, కంగారు పడకండి. బ్యాంకు, యూపీఐ యాప్‌లు కొన్ని మొరాయించవచ్చు. రొయ్యల చెరువు లెక్కలు, కూలి చెల్లింపులు ఫోన్ మీదే నడిపేవాళ్లు ఆ ఫోన్ జోలికి పోవద్దు. అప్‌డేట్లు ఆగి మూలన పడ్డ పాత ఫోన్ మీద చేయండి. మళ్లీ లాక్ చేయాలంటే కంపెనీ అసలు సిస్టమ్ పూర్తిగా ఎక్కించాకే. వేరే సిస్టమ్ ఉండగా లాక్ చేస్తే చాలా ఫోన్లు మరి లేవవు.

బల్ల మీద అడాప్టర్లు, పరీక్షించిన కేబుళ్లు పెట్టించాను. కాపీ చేసుకున్నవాళ్లు ఫోన్లు తీసుకుని రండి. చేసుకోనివాళ్లకి ఆ చివర రెండు పెన్‌డ్రైవులున్నాయి, ముందు అటు వెళ్లండి.