స్పెయిన్‌లో చదువు, పని: ముందు భాష

శ్రోతలందరికీ నమస్కారం.

బెంగళూరులో మన తెలుగు పిల్లలు ఎక్కువగా ఉండే బీటీఎం లేఅవుట్, మారతహళ్లి పీజీల్లో ఈమధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. స్పెయిన్ వెళ్లి స్పానిష్ నేర్చుకోవచ్చు, స్టూడెంట్ వీసా మీదే చట్టబద్ధంగా ఉద్యోగమూ చేసుకోవచ్చు అని. ఈ ఊళ్లో స్పానిష్ పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఆ మాట నా దగ్గరికీ వస్తూనే ఉంటుంది. అది అబద్ధం కాదు. కానీ పూర్తి సంగతి తెలియకుండా అప్పు చేసి బయల్దేరేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. అందుకే ఇవాళ ఈ విషయం ఎత్తుకున్నాను.

స్పానిష్ నేర్చుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. 20 దేశాల్లో అది అధికార భాష. దాదాపు 50 కోట్ల మందికి తల్లిభాష. చిక్కల్లా డబ్బు లెక్క దగ్గరే వస్తుంది.

మొన్నామధ్య అనంతపురం నుంచి ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో ఏదో కన్సల్టెన్సీవాళ్లు ఇచ్చిన రంగుల కాగితం. "మేడం, మావాడు అక్కడికి పోతే రెండో నెల నుంచే సంపాదించుకుని ఫీజు తానే కట్టుకుంటాడంట. పొలం మీద అప్పు తెస్తే చాలంట. నిజమేనా?" అన్నారు. అక్కడే కూర్చుని ఇద్దరం లెక్క వేశాం.

స్టూడెంట్ వీసా కావాలంటే అక్కడ బతకడానికి నెలకు 600 యూరోల చొప్పున మన దగ్గర ఉన్నట్టు ముందే చూపించాలి. ఏడాదికి 7,200 యూరోలు, సుమారు ఏడు లక్షల రూపాయలు. కోర్సు ఫీజు, ఇన్సూరెన్స్, విమానం టికెట్ దీనికి అదనం. వెళ్లాక సంపాదించుకుంటానంటే వీసా ఇచ్చేవాళ్లు ఒప్పుకోరు. పోనీ పని దొరికిందే అనుకుందాం. 2025లో స్పెయిన్ కనీస వేతనం నెలకు 1,184 యూరోలు, ఏడాదికి 14 జీతాలు. కానీ అది వారానికి 40 గంటలు పనిచేసేవాళ్లకు. విద్యార్థులకు అనుమతి ఉన్న 30 గంటలే చేస్తే 888 యూరోలు. అందులో కోతలుంటాయి. మాడ్రిడ్‌లోనో బార్సిలోనాలోనో నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గదికే ఐదారు వందలు పోతాయి. మిగిలింది తిండికీ బస్సు పాసుకూ సరిపోతే గొప్ప. ఆయన కాగితం లాక్కుని మళ్లీ మొదటి నుంచి తానే కూడుకున్నారు. మొత్తం మారలేదు.

ఆ 30 గంటలు కూడా అందరికీ కాదు. 2022లో అక్కడి ప్రభుత్వం నిబంధనలు సడలించింది. 2025 మే 20 నుంచి మళ్లీ కొత్తవి వచ్చాయి. డిగ్రీ, మాస్టర్స్ లాంటి ఉన్నత విద్యకు వెళ్లేవాళ్లు, చదువుకు అడ్డు రానంతవరకు, వారానికి 30 గంటల దాకా పని చేసుకోవచ్చు. ఒక్క భాషా కోర్సుకే వెళ్లేవాళ్లు మాత్రం ఆ హక్కు వీసాతోపాటే వచ్చేస్తుందని అనుకోకండి. పైగా ఆ స్కూలుకు ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. స్పానిష్ భాష కోసం స్పెయిన్ ప్రభుత్వం 1991లో పెట్టిన సంస్థ అది. ఢిల్లీలోనూ దాని శాఖ ఉంది.

ఇక వీసా ఫైలు. ఆరు నెలలు దాటి ఉండేవాళ్లకు పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి. పోలీస్ క్లియరెన్స్‌లాంటి పత్రాలకు మన విదేశాంగ శాఖ చేత అపోస్టిల్ ముద్ర, అంటే ఆ పత్రం విదేశంలో చెల్లేలా ధ్రువీకరించే ముద్ర, వేయించి, ఆ తర్వాత స్పానిష్‌లోకి అధికారిక అనువాదం చేయించాలి. ఈ వరస తప్పితే ముద్ర అనువాదంలోకి రాదు, మళ్లీ ఖర్చు. మన తెలుగువాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది, ఇంటిపేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం ఇనీషియల్, పాస్‌పోర్ట్‌లో పూర్తి ఇంటిపేరు, డిగ్రీలో పేరు వెనకా ముందూ. స్పెయిన్‌వాళ్లకేమో తండ్రి వైపుది ఒకటి, తల్లి వైపుది ఒకటి, రెండు ఇంటిపేర్లు. వాళ్ల ఫారాల్లో రెండు గళ్లుంటాయి. రెండోది ఖాళీగా వదిలేయండి. అసలు పేరును ముక్కలు చేసి అందులో నింపారంటే ఆ తర్వాత బ్యాంకులో ఒక పేరు, కార్డు మీద ఇంకో పేరు అయి కూర్చుంటుంది.

అక్కడ దిగిన నెలలోపే విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టాలి. దాన్ని టీఐఈ అంటారు. ఉంటున్న ఇంటి చిరునామాను మున్సిపాలిటీలో నమోదు చేయించాలి. పనిలో చేరేవాళ్లకు సోషల్ సెక్యూరిటీ, అంటే ఉద్యోగుల బీమా, పెన్షన్ చూసే ప్రభుత్వ వ్యవస్థ, ఇచ్చే నంబరు కావాలి. మిమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమాని, పని మొదలవకముందే మీ పేరు అక్కడ నమోదు చేయాలి. "చేశాంలే" అన్నారని ఊరుకోకండి. మీ పేరు మీద ఏ యజమాని ఏ తేదీ నుంచి నమోదు చేశాడో చూపించే పత్రం సోషల్ సెక్యూరిటీ వాళ్లే ఇస్తారు. దాన్ని వీదా లబొరాల్ అంటారు. ఆన్‌లైన్‌లో తీసి చూసుకోండి. అందులో మీ యజమాని పేరు లేదంటే, చేతికి డబ్బు వస్తున్నా అది చట్టబద్ధమైన పని కాదు. రేపు దెబ్బ తగిలినా, జీతం ఎగ్గొట్టినా అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. అనుమతి పొడిగింపు కూడా చిక్కులో పడుతుంది.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. మారతహళ్లిలో పదేళ్లున్నా కన్నడ రాని తెలుగువాళ్లు మనకు తెలుసు. తెలుగుతో, హిందీతో రోజు గడిచిపోతుంది మరి. మాడ్రిడ్‌లో లావాపియెస్, బార్సిలోనాలో రవాల్ అనే పేటల్లో మన ఉపఖండంవాళ్ల దుకాణాలు, హోటళ్లు చాలా ఉన్నాయి. స్పానిష్ రాని పిల్లవాడు సహజంగా అక్కడికే చేరతాడు. వంటింట్లో హిందీ, గదిలో తెలుగు. లక్షలు పోసి ఏ భాష కోసం వెళ్లాడో అది క్లాసులో వినడంతోనే సరి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే సలమాంకా, వల్లదొలీద్ లాంటి ఊళ్లు చెప్తాను. గది అద్దె తక్కువ, వీధిలో వినిపించేది స్పానిషే. సలమాంకా విశ్వవిద్యాలయం 1218 నాటిది. ఊరంతా విద్యార్థులే. బార్సిలోనాలో అయితే స్కూళ్లలో, ఆఫీసుల్లో కతలాన్ భాష కూడా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది అదనపు భారం.

అందుకే పిల్లలకు నేను చెప్పేది, బీ1 స్థాయి వరకు, అంటే రోజువారీ విషయాలు సొంతంగా మాట్లాడుకోగలిగేంత వరకు, ఇక్కడే నేర్చుకుని వెళ్లండి అని. తెలుగువాళ్లకు ఇది మరీ కష్టమేం కాదు. స్పానిష్‌లో త, ద మన త, ద లాగే పళ్లకు తగులుతాయి. "వస్తాను" అంటే చాలు, "నేను" అని వేరే చెప్పక్కర్లేదు కదా మనకు. వాళ్లకూ అంతే. ఎవరు వస్తున్నారో క్రియ చివరే తెలిసిపోతుంది. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటూ తడబడే పిల్లలకు ఇవే తెలుగులో చెప్తే మొహం వెలిగిపోతుంది. బీ1 చేతిలో ఉంటే కాఫీ షాపు ఇంటర్వ్యూలో మీరే మాట్లాడతారు, కాంట్రాక్టులో గంటలెన్నో మీరే చదువుకుంటారు. స్పానిష్ స్థాయిని కొలిచే పరీక్షలు డెలే, సియెలే అని రెండున్నాయి. డెలే పాసై ఉంటే ఆ సర్టిఫికెట్‌కు గడువు తీరడం ఉండదు. సియెలే రాస్తే మాత్రం ఐదేళ్లే చెల్లుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టకముందే మీ అబ్బాయో అమ్మాయో వెళ్లేది ఏ తరహా కోర్సుకో, దాని మీద పని చేసే అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా చెప్పి కాగితం మీద పెట్టనంటే అక్కడ డబ్బు కట్టకండి.

సెలవు. నమస్కారం.