‘ఏంది ఇంత బక్కగుండారు?’: ఓపీలో కంటితోనే వేసే తూకం

డైటీషియన్: అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. ఈ రోజు సంగతి, డాక్టర్ ముందు కూర్చోగానే వినపడే మాట: "ఏంది ఇంత బక్కగుండారు, సరిగ్గా తినరా?" మోకాలి నొప్పికి పోయిన మనిషి ప్రొటీన్ పౌడర్ డబ్బా, ఆకలి సిరప్ పట్టుకోని బయటికొస్తారు. బరువు చూస్తే సరిగ్గానే ఉంటాది. సార్ జనరల్ మెడిసిన్ డాక్టర్. సార్, మీ వాళ్ళను తిట్టడంతోనే మొదలుపెడదామా?

డాక్టర్: తిట్టండి మేడమ్, న్యాయమే. అయితే ఇది కావాలని చేసేది కాదు. పొద్దున ఓపీలో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులోళ్ళు. వాళ్ళల్లో చానా మంది బరువెక్కువోళ్ళే. రోజంతా వాళ్ళనే చూసిన కంటికి మామూలు బరువున్న మనిషి సన్నగానే కనపడతాడు. బయట కూడా అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో బరువు తక్కువున్నోళ్ళు నూటికి 15 మంది దాకా, ఎక్కువున్నోళ్ళు 36 మంది. రెట్టింపు కన్నా ఎక్కువ. కన్ను దానికి అలవాటు పడిపోయింది.

డైటీషియన్: కన్ను ఒకటైతే, ఆ ‘వంద తీసెయ్’ లెక్క ఇంకొకటి.

డాక్టర్: ఆ, అది పెద్ద దొంగ. ఎత్తు సెంటీమీటర్లలో వేసుకోని, అందులో వంద తీసేస్తే ఉండాల్సిన బరువు అంటారు. 19వ శతాబ్దపు ఫ్రెంచ్ సర్జన్ పాల్ బ్రోకా పేరుతో వచ్చిన లెక్క. నోటితో చేసెయ్యొచ్చు గాబట్టి ఇంకా బతికుంది.

డైటీషియన్: ఒక కేసు వేసి చూద్దాం. ఆడమనిషి, ఎత్తు 158, బరువు 50 కిలోలు.

డాక్టర్: బ్రోకా ప్రకారం 58 ఉండాల. అంటే "8 కిలోలు తక్కువుండావమ్మా" అంటారు. ఇప్పుడు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, చూడండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి, 50ని 1.58తో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ 1.58తో భాగించాల. 20 వస్తాది. 18.5 నుంచి 23 లోపు మనవాళ్ళకు మామూలు. ఆయమ్మకు ఏమీ తక్కువ లేదు. ఇప్పుడు డాక్టర్ మాట విని ఆరు నెలలు తిని 58కి వచ్చిందనుకోండి, బీఎంఐ 23.2. భారతీయులకు పెట్టుకున్న లెక్కలో 23 దాటితే బరువెక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషిని మనమే లైను దాటించినట్టు.

డైటీషియన్: మగాళ్ళకు ఇంకా ఘోరం గదా?

డాక్టర్: పొడుగు పెరిగేకొద్దీ తప్పు పెరుగుతాది. 172 సెంటీమీటర్లు, 58 కిలోల కుర్రోడు. బ్రోకా 72 అంటాది, అంటే 14 కిలోలు తక్కువ! బీఎంఐ 19.6, బ్రహ్మాండంగా ఉండాడు. 72కి పోతే 24.3. అదే 150 ఎత్తు మనిషికి 50 కిలోలు వస్తాది, బీఎంఐ 22.2, అక్కడ పెద్ద తేడా లేదు. అందుకే పొట్టివాళ్ళ దగ్గర ఈ లెక్క పనిచేసినట్టే కనపడతాది, పొడుగోళ్ళ దగ్గర బోర్లా పడతాది.

డైటీషియన్: సరే, బీఎంఐ లెక్కేసినా అందులోకి పోయే నంబర్లే తప్పైతే? ఎత్తు కొలిచేది ఎవరూ సరిగ్గా చూడరు సార్. చానా చోట్ల "ఎంతమ్మా హైటు?" అని అడిగి రాసేస్తారు.

డాక్టర్: ఎత్తు రెండుసార్లు భాగహారంలోకి పోతాది గాబట్టి చిన్న తప్పు కూడా పెద్దదవుతాది. 155 ఉన్న మనిషిని కొప్పుతో, పూలతో, చెప్పులతో కలిపి 160 అని రాసినామనుకోండి. 45 కిలోలకు అసలు బీఎంఐ 18.7, మామూలే. 160 వేస్తే 17.6. ఒక్క దెబ్బకు ‘అండర్‌వెయిట్’ ముద్ర.

డైటీషియన్: ఎట్లా కొలవాలో చెప్తాను. చెప్పులు తీసెయ్యాల. కొప్పు ఉంటే విప్పాల, పూలు తియ్యాల. మడమలు, పిరుదులు, భుజాల వెనక భాగం గోడకు ఆనాల. చూపు నేరుగా ముందుకు, గడ్డం పైకెత్తకుండా. తల మీద ఆనించే పలక అడ్డంగా, గట్టిగా దిగాల. బరువైతే పొద్దున, బాత్రూమ్ పోయొచ్చినాక, తేలిక బట్టలతో, ఎప్పుడూ ఒకే మిషన్ మీద. మిషన్ గట్టి నేల మీద ఉండాల, చాప మీద కాదు. భోజనం, నీళ్ళు, ఉప్పు, నెలసరి వీటితో ఒక కిలో అటూ ఇటూ ఊగడం మామూలే, దానికి కంగారు పడొద్దు.

డాక్టర్: ఇంకొకటి. ఓపీ చీటీ మీద బరువు రాస్తారు, ఎత్తు రాయరు. ఎత్తు లేని బరువు చూసి సన్నమో లావో ఎట్లా చెప్తారు?

డైటీషియన్: పిల్లల దగ్గరికి పోదాం. చిత్తూరు, తిరుపతి రెండు జిల్లాల్లో నాకు ఎక్కువ కనపడే గొడవ ఇదే. "ఎల్‌కేజీలో చేర్చినాక చిక్కిపోయినాడు" అంటారు. కొండకు పోయి గుండు కొట్టించినారంటే ఇంకా చిక్కినట్టు కనపడతాడు, తల పెద్దది, మెడ సన్నం.

డాక్టర్: (నవ్వు) ఎల్‌కేజీని నిందించొద్దు. ఒకటో ఏడు తర్వాత పిల్లల బీఎంఐ తగ్గుకుంటా వస్తాది. ఐదారేళ్ళకు అడుగుకు చేరి, తర్వాత మళ్ళీ పెరుగుతాది. అంటే ఒకటో ఏడు దాటినప్పటి నుంచీ చూస్తే పిల్లలు బాగా సన్నగా కనపడేది సరిగ్గా బడికి పోయే వయసులోనే. అది పెరుగుదలే, జబ్బు కాదు. ఆ వయసులో బలవంతంగా తినిపించి బీఎంఐ ముందే పైకి లేచేట్టు చేస్తే, పెద్దయ్యాక ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువ.

డైటీషియన్: అమ్మానాన్నలకు ఇది చెప్తే సగం కంగారు పోతాది. మిగతా సగం ‘వయసుకు నాలుగు కలిపి రెండింతలు చెయ్’ అనే లెక్క వల్ల. నాలుగేళ్ళ పాపకు నాలుగూ నాలుగూ ఎనిమిది, రెండింతలు 16 కిలోలు. పాప 13.5 ఉంటే "రెండున్నర కిలోలు తక్కువ" అని సిరప్ రాసేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 చార్టులో నాలుగేళ్ళ ఆడపిల్లల నడిమి లైను 16.1, కింద హద్దు 12.3. పాప హద్దులోనే ఉంది. ఆ లెక్క ఇచ్చేది నడిమి అంకెను. సగం మంది పిల్లలు దానికి కిందే ఉంటారు, వాళ్ళంతా జబ్బోళ్ళా?

డాక్టర్: ‘మన పిల్లలకు ఆ ఫారిన్ చార్టులు పనికిరావు’ అనే మాట కూడా వింటుంటాం. ఆ చార్టు కోసం కొలిచిన ఆరు చోట్లలో ఒకటి దక్షిణ ఢిల్లీ. తల్లిపాలు తాగి పెరిగిన పిల్లలను తీసుకున్నారు. అందుకే పాత చార్టుల్లో తక్కువ అని పడే తల్లిపాల పిల్లలు, ఆరు నెలలు దాటినాక కొద్దిగా నెమ్మదిగా పెరిగినా, ఇందులో సరిగ్గా కూర్చుంటారు.

డైటీషియన్: అంగన్‌వాడీ కార్డు మీదే ఆ గ్రాఫ్ ఉంటాది. చూడాల్సింది చుక్క కాదు, గీత. పాప కింది లైన్లలో ఉన్నా ఆ లైనుతో సమాంతరంగా నడుస్తాంటే ఆమె దారి అది. పై లైను నుంచి కిందికి రెండు లైన్లు దాటి జారితే అప్పుడు పరిగెత్తాల. అమ్మానాన్నల ఎత్తు కూడా అడగాల. నాన్న 165, అమ్మ 150 అనుకోండి. రెండూ కలిపి, ఆడపిల్లైతే 13 తీసేసి సగం చేస్తే 151. మగపిల్లోడైతే 13 కలిపి సగం చేస్తే 164. అటూ ఇటూ ఒక 8 సెంటీమీటర్లు. ఆ ఇంట్లో పిల్ల ఆరడుగుల వాళ్ళ పిల్లతో సమానంగా తూగాలంటే కుదరదు.

డాక్టర్: ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు చేతి కొలత టేపు కూడా ఉంది. భుజానికీ మోచేతికీ నడిమిన చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు, అది ప్రమాదం, ఆలస్యం చెయ్యకూడదు. 11.5 నుంచి 12.5 దాకా పసుపు. పైన పచ్చ. పచ్చలో ఉండి, ఆడుకుంటా, గీత మీద నడుస్తా ఉన్న బిడ్డకు మందులు వద్దు.

డైటీషియన్: ఆ మందుల సంగతి చెప్పండి సార్. ‘ఆకలి సిరప్’ లోపల ఏముంటాది?

డాక్టర్: ఎక్కువ వాటిల్లో సైప్రోహెప్టడిన్. అది అలర్జీ మందు, దాని సైడ్ ఎఫెక్టే ఆకలి. నిద్రమత్తు వస్తాది, బళ్ళో పిల్లోడు తూగుతుంటాడు. ఆపినాక ఆకలి మళ్ళీ మామూలుకొస్తాది, అప్పుడు "పనిచెయ్యలేదు" అని ఇంకో సీసా. నాకు దానికన్నా భయం ‘లావయ్యే మాత్రలు’. పేరు లేని పొట్లాల్లో ఇచ్చేవాటిలో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉండొచ్చు. రెండు వారాల్లో బుగ్గలు ఉబ్బుతాయి, ఇంట్లో వాళ్ళు సంబరపడతారు. అది కండ కాదు, నీరూ కొవ్వూ. షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు పలచబడతాయి. చానా రోజులు వాడినవాళ్ళు ఉన్నట్టుండి ఆపకూడదు. ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి పని మానేసుంటాది, ఆపితే మనిషి కుప్పకూలొచ్చు. పొట్లం తీసుకోని డాక్టర్ దగ్గరికే రావాల, మెల్లగా తగ్గించాల.

డైటీషియన్: పౌడర్ డబ్బాల మీద నా మాట ఒక్కటే: వెనక లేబుల్‌లో మొదటి రెండు పేర్లు చదవండి. చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ ముందుంటే మీరు కొనేది తీపి పిండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2020 లెక్కలో పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్. 50 కిలోల మనిషికి 42 గ్రాముల లోపే. పప్పు, సంగటి, పెరుగు, ఒక గుడ్డు, గుప్పెడు చెనిక్కాయ విత్తనాలు ఉంటే అందులో చానా భాగం వచ్చేస్తాది.

డాక్టర్: ఇప్పుడు రెండో వైపు చెప్పాల, లేకుంటే వినేవాళ్ళు "బీఎంఐ 20, నాకేం లేదు" అని పడుకుంటారు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్, పక్కపక్కన. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2. మనవాళ్ళ ఒళ్ళు అట్లాంటిది. చేతులు పుల్లలు, పొట్ట ముందుకు. అట్లాంటి మనిషికి "బక్కగుండావు, ఇంకో గిన్నె అన్నం తిను" అంటే షుగరును పిలిచినట్టే.

డైటీషియన్: అందుకే టేపుతో నడుము చుట్టుకొలత కూడా చూడాల. చివరి పక్కటెముకకూ తుంటెముక పై అంచుకూ నడిమధ్య, ఊపిరి వదిలినాక, బిగించకుండా. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. బొడ్డు కింద ప్యాంటు కట్టేచోట కొలిస్తే తక్కువ వస్తాది, అదొక ఆత్మవంచన.

డాక్టర్: ఇక డాక్టర్ మాట నిజమయ్యేది ఎప్పుడు? ఒకటే ప్రశ్న: తగ్గినారా, ఎప్పుడూ ఇంతేనా? ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు 5 శాతం తగ్గితే అది లక్షణం. 52 కిలోల మనిషికి 2.6 కిలోలు. బీఎంఐ 22 ఉన్నా సరే. షుగరు, థైరాయిడ్, క్షయ, పేగుల జబ్బు, క్యాన్సర్, దిగులు, పెద్దవాళ్ళల్లో పళ్ళు ఊడిపోవడం, అన్నీ వెతకాల. రెండు వారాలు దాటిన దగ్గుంటే కఫం పరీక్ష. బీఎంఐ 18.5 లోపుండి నెలసరి ఆగినా, ఊరికే అలసిపోతున్నా చూడాల. 16 లోపైతే వాయిదా లేదు.

డైటీషియన్: మన దగ్గర ఇంకో గుర్తు ఉంది సార్. ఏటా అలిపిరి నుంచి నడిచి ఎక్కే మనిషి ఈ ఏడు గాలిగోపురం దాకా కూడా పోలేకపోయినా, బెల్టు రెండు రంధ్రాలు లోపలికి పోయినా, మిషన్ కోసం ఎదురుచూడొద్దు.

డాక్టర్: నిజం. అదే పదేళ్ళుగా ఒకే బరువు, బీఎంఐ 19, ఆకలి, నిద్ర మామూలు అయితే సన్నదనం కోసం టెస్టులు రాయించుకోవద్దు. పాత ఓపీ చీటీలు తీసుకోని పోండి, వాటిమీద తేదీతో బరువు ఉంటాది. "నాది ఎప్పుడూ ఇంతే, ఇదిగో" అని చూపిస్తే మాట తెగిపోతాది. మర్యాదగానే అడగండి: "సార్, ఎత్తు కొలిచి బీఎంఐ చెప్తారా?"

డైటీషియన్: నిజంగా తక్కువున్నోళ్ళకు రోజుకు 300 నుంచి 500 క్యాలరీలు అదనంగా చాలు. 30 గ్రాముల చెనిక్కాయ విత్తనాలు 170, గుడ్డు 70, చెంచా నెయ్యి 45, గ్లాసు పాలు 150. వారానికి పావు కిలో పెరిగితే బాగా జరుగుతున్నట్టే. దాంతోపాటు కండకు పని పెట్టాల, లేకుంటే పెరిగేది పొట్టే.
ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, అది చెప్పి ముగిద్దాం. ఒకామె 148 ఎత్తు, 43 కిలోలు. రక్తదాన శిబిరంలో "బరువు చాలదు" అని పంపించేసినారంట. "నేను ఆరోగ్యంగా లేనా?" అని అడుగుతోంది.

డాక్టర్: 43ని 1.48తో రెండుసార్లు భాగించండి. 19.6. ఆమెకేం కాలేదు. శిబిరం వాళ్ళదీ తప్పు కాదు. ఒక్కసారి తీసే రక్తం 350 మిల్లీలీటర్లు, దానికి కనీసం 45 కిలోలుండాలని నియమం. 450 తీయాలంటే 55 దాటాల. అది సంచిలోకి పోయే రక్తానికీ ఒంట్లో ఉన్న రక్తానికీ లెక్క, అంతే. ఆమె అక్కడ రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చుంటే సరిపోతాది, వాళ్ళకెప్పుడూ మనుషులు చాలరు.