కంచ గచ్చిబౌలి: అసలు వీడియో, ఏఐ జింక

[తెర మీద: రాత్రి. చెట్ల మధ్య జేసీబీల లైట్లు. నెమళ్ల అరుపులు. ఐదు సెకన్లు మాటల్లేవు.]

ఈ అరుపులు గుర్తున్నాయా? 2025 మార్చి చివర్లో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి, 400 ఎకరాలు. అక్కడ తెలంగాణ ప్రభుత్వం చెట్లు కొట్టించి నేల చదును చేయిస్తోంది. 30న ఉగాది, మర్నాడు రంజాన్. అందరికీ సెలవులే, జేసీబీలకు తప్ప.

[తెర మీద: మ్యాప్. 2004, 2006, 2024.]

భూమి తగాదా పాతదే. 2004లో ఒక స్పోర్ట్స్ సంస్థకిచ్చారు, 2006లో రద్దు చేశారు, కేసు నడిచి నడిచి 2024లో సుప్రీంకోర్టులో ప్రభుత్వం గెలిచింది. కాగితాల లెక్కన ప్రభుత్వానిది గట్టి వాదనే, ఒప్పుకోవాలి. కానీ ఏ కాగితంలోనూ నెమలి ఊసు లేదు. నక్షత్ర తాబేలు ఊసూ లేదు. వాటిని మనకు చూపించింది స్టూడెంట్ల ఫోన్లు. ఫోకస్ లేదు, చెయ్యి వణుకుతోంది, వెనక ఎవరో అరుస్తున్నారు. పోలీసులు విద్యార్థులను వ్యాన్లలోకి ఎక్కించడం కూడా అలాంటి వీడియోల్లోనే చూశాం. యూనివర్సిటీ గేటు దాటి ఎరగని వాళ్లు కూడా ఆ వారం దాని గురించే మాట్లాడారు.

ఏప్రిల్ 3న విషయం సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. రీల్స్ చూసి కోర్టు ఆపిందనుకుంటే పొరపాటు. పత్రికల వార్తలు వచ్చాయి, అమికస్ క్యూరీ, అంటే కోర్టుకు సాయపడే లాయరు, ప్రస్తావించారు, హైకోర్టు రిజిస్ట్రార్‌ను పంపి అదే రోజు పరిశీలన చేయించారు. దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని తేలింది. పనులు ఆపమన్నారు. అయితే మొదటి రెండు రోజులూ ఈ విషయం చల్లారకుండా చూసింది మాత్రం ఆ వణికే వీడియోలే.

[తెర మీద: జపాన్ యానిమేషన్ స్టూడియో జిబ్లీ తరహా బొమ్మ. ఎర్ర అక్షరాల్లో "ఏఐ".]

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ఏఐతో చేసిన బొమ్మలు వరదలా వచ్చాయి. వాటిలో ఒకటి: యూనివర్సిటీలోని పుట్టగొడుగు ఆకారపు బండ, మష్రూమ్ రాక్, దాని ముందు జేసీబీలు, నెమళ్లు, జింక. చూడముచ్చటగా ఉంది, అందుకే అందరూ షేర్ చేశారు. ప్రభుత్వానికి కావలసిందీ అదే. నకిలీ ప్రచారమంటూ కేసులు పెట్టారు. అలాంటి బొమ్మను రీషేర్ చేసినందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణికీ నోటీసు వెళ్లింది. మరి అదే రీషేర్ చేసిన మిగతా రెండు వేల మంది సంగతేమిటని ఆవిడ అడిగారు. న్యాయమైన ప్రశ్నే! నిజం జింకలున్న చోట బొమ్మ జింకెందుకని నా ప్రశ్న.

పద్దెనిమిది నిండని వాళ్లకు కూడా నచ్చిన మాధ్యమంలో మాట్లాడే హక్కుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 13వ అధికరణం చెప్పేది అదే, భారత్ 1992లో దాన్ని ఒప్పుకుంది. మీ ఊరి చెరువు పూడుస్తుంటే వీడియో తీయండి.

[తెర మీద: ఫోన్ గ్యాలరీ, ఫైల్ వివరాలు.]

తీశాక అసలు ఫైల్ డిలీట్ చేయొద్దు. మామూలు ఫొటోగా వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలూ చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. చిన్నపిల్లల ముఖాలుంటే, పోస్ట్ చేసే కాపీలో బ్లర్ చేయండి.