ఐ-అసెంబ్లీలో చెయ్యి పెట్టే ముందు స్కోప్ చూడండి

[తెర మీద: కన్వేయర్ బెల్టు కింద దాన్ని మోసే మూడు రోలర్ల ఐడ్లర్ సెట్]

విశాఖ పోర్టులో ఇనుప ఖనిజం, బొగ్గు మోసే బెల్టుల కింద ఇలాంటి సెట్లు వరసగా కనిపిస్తాయి. ఒక ఫ్రేము, మూడు రోలర్లు. బెల్టు వెడల్పు 800, 1000, 1200 మిల్లీమీటర్లు. పక్క రోలర్ల వాలు ఒకచోట 20 డిగ్రీలు, ఇంకోచోట 35. సైజు మారినప్పుడల్లా కొత్త అసెంబ్లీ గీస్తూ కూర్చోలేం. అందుకే ఆటోడెస్క్ ఇన్వెంటర్ అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఐ-అసెంబ్లీగా, అంటే అన్ని సైజులూ ఒకే మూల ఫైల్లో ఉండేలా కడతాం. ఆ మూల ఫైలు ఫ్యాక్టరీ, దాని టేబుల్లో ఒక్కో వరస ఒక్కో మెంబర్, అంటే ఒక్కో సైజు.

కట్టడం చాలామందికి వచ్చు. కట్టినదాన్ని మార్చేటప్పుడే ప్రమాదం. గాజువాక ఆటోనగర్ షెడ్డులో ప్లేటు కోసేవాళ్లు మన డ్రాయింగునే నమ్ముతారు. ఇక్కడ తప్పితే అక్కడ ఉక్కు దండగ.

[తెర మీద: అసెంబుల్ ట్యాబ్, స్కోప్ బటన్]

స్కోప్ అంటే మీ మార్పు ఎంతవరకు వర్తిస్తుందన్నది. ఎడిట్ ఫ్యాక్టరీ స్కోప్‌లో ఉంటే మీ మార్పు అన్ని సైజులకీ పోతుంది. ఎడిట్ మెంబర్ స్కోప్‌లో ఉంటే, అప్పుడు యాక్టివ్‌గా ఉన్న వరసకే.

1200 ఫ్రేముకి మాత్రమే అదనంగా ఒక స్టిఫెనర్ ప్లేటు (ఫ్రేము వంగకుండా బిగువు ఇచ్చేది) కావాలనుకుందాం. బ్రౌజర్లో ఆ మెంబర్ మీద డబుల్ క్లిక్ చేయండి. మెంబర్ స్కోప్‌కి మారి ప్లేటు పెట్టండి. తర్వాత టేబుల్ తెరిచి ఆ ప్లేటు కాలమ్ పైనుంచి కిందదాకా చదవండి: 1200 వరసలో ఇంక్లూడ్, మిగతా వాటిలో ఎక్స్‌క్లూడ్ ఉండాలి. పని కాగానే ఫ్యాక్టరీ స్కోప్‌కి తిరిగి రండి. ఇది మరిచిపోతే, అన్నిటికీ అనుకుని చేసిన తర్వాతి మార్పు ఒక్క సైజులోనే ఇరుక్కుపోతుంది. దయచేసి దీన్ని అలవాటు చేసుకోండి.

వరసలు చాలా ఉంటే ఎడిట్ వయా స్ప్రెడ్‌షీట్ మేలు. ఎక్సెల్‌లో మార్చండి, పై హెడింగుల జోలికి పోకండి, సేవ్ చేసి మూసేయండి.

[తెర మీద: మెంబర్ మీద రైట్ క్లిక్, జెనరేట్ ఫైల్స్]

టేబుల్ మారినంత మాత్రాన డిస్కులో ఉన్న మెంబర్ ఫైళ్లు మారవు. వాటిని సెలెక్ట్ చేసి జెనరేట్ ఫైల్స్ ఇవ్వాలి. మెంబర్ ఫైలునే తెరిచి నేరుగా సరిచేద్దామనుకోకండి. అది ఫ్యాక్టరీ నుంచి పుట్టింది, మార్పు కూడా అక్కడే జరగాలి.

చివరగా ఈ సెట్లు పెట్టిన మెయిన్ అసెంబ్లీ అప్‌డేట్ చేసి బీవోఎం, అంటే విడిభాగాల జాబితా తెరవండి. 1200 సెట్ కింద ప్లేటు కనిపించాలి. 800 కింద కనిపించకూడదు. రెండూ చూశాకే డ్రాయింగు షెడ్డుకి పంపండి.