కవరులోంచి వచ్చిన లాప్‌టాప్

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించాలి. ఇచ్చిన టాపిక్ ‘బ్రాండ్ నిర్మాణం’. నాకు చెప్పాలని ఉన్నది మాత్రం ఒక కవరు గురించి.

2008 జనవరి, శాన్‌ఫ్రాన్సిస్కో. యాపిల్ కంపెనీ అధినేత స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద ఆఫీసు కాగితాలు పెట్టుకునే మామూలు కవరు ఒకటి తీసి, అందులోంచి మాక్‌బుక్ ఎయిర్ అనే సన్నటి లాప్‌టాప్ బయటికి లాగాడు. బరువు 1.36 కిలోలు. అది చూసి నేను “సోకులరాయుళ్ళకి తప్ప ఇది ఎవరికి పనికొస్తుంది?” అన్నాను.

తప్పేమన్నా అన్నానా, మీరే చెప్పండి. డీవీడీ డ్రైవ్ లేదు, నెట్ కేబుల్‌కి సాకెట్ లేదు, బ్యాటరీ మనం తీసి మార్చుకోలేం, యూఎస్‌బీ ఒక్కటంటే ఒక్కటి. 1,799 డాలర్లు పోసి కొన్నాక మౌస్ గుచ్చితే పెన్‌డ్రైవ్‌కి చోటు లేదు!

సరే, మా ఆఫీసులో ఒకాయన కొన్నారు, మీటింగ్‌కి తెచ్చారు. దాని కుడి అంచున చిన్న తలుపు లాంటిది ఉండేది, వేలితో కిందికి లాగితే లోపల ఆ ఒక్క యూఎస్‌బీ, హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు కనిపించేవి, మూసేస్తే అక్కడేమీ లేనట్టే. ఆ రోజు మీటింగ్ దేని గురించో ఎవరికీ గుర్తులేదు. తలుపు మాత్రం అందరూ తెరిచి మూశారు. నేనూ. రెండుసార్లు.

ఎయిర్ మళ్ళీ ఎవరూ కొనలేదు. కానీ ఏడాది తిరిగేసరికి మాలో ముగ్గురి దగ్గర అదే యాపిల్ వాళ్ళ మామూలు రకం, లావుపాటి తెల్ల మాక్‌బుక్‌లు! అందులో ఒకటి నాదే, నవ్వకండి. మార్కెటింగ్ వాళ్ళు దీన్ని హేలో ఎఫెక్ట్ అంటారు, నేనైతే సోకు చూసి సరుకు కొనడం అంటాను.

2009లో డెల్ కూడా అడామో అని చాలా అందమైనది తెచ్చింది, ఎక్కువకాలం నిలవలేదు. నా లెక్క ఏమిటంటే, ఎయిర్ పక్కనున్న తెల్లదాన్ని తెరిచినా లోపల అదే స్క్రీను, అదే తీరు. అడామో చూసి మనసు పడ్డవాడికి పక్కనున్న మామూలు డెల్‌లో ఆ పోలిక దొరకలేదు.

2010లో 999 డాలర్ల చిన్న ఎయిర్ వచ్చాక, మరుసటేడు చిప్పులు చేసే ఇంటెల్ కూడా సన్నటి లాప్‌టాప్‌లకి అల్ట్రాబుక్ అని పేరు పెట్టి అదే దారి పట్టింది...

చివరి వరసలో బాబూ, ఒళ్ళో ఆ సన్నటిది ఏమిటి? ఒక్కసారి ఇలా ముందుకి పంపించు, చూసి ఇచ్చేస్తాను.